టెస్ట్ బటన్ నొక్కి చూపిస్తే నమ్మకండి: ఫ్లాష్ ట్రిగ్గర్ కొనేవాళ్లకు హెచ్చరిక

స్టూడియో లైట్లకి వైర్‌లెస్ ట్రిగ్గర్ (కెమెరా క్లిక్ కొట్టగానే వైరు లేకుండా లైటు వెలిగించేది) కొనబోతున్న ఫొటోగ్రాఫర్ అన్నలకీ, తమ్ముళ్లకీ, ముఖ్యంగా మన కోనసీమలో, పాలకొల్లు, భీమవరం వైపు కొత్తగా స్టూడియో పెట్టుకుంటున్నవాళ్లకీ ఈ మాట. "యూనివర్సల్ అండి, ఏ కెమెరాకైనా పడుద్ది" అని ఎవరైనా అంటే జేబులో చెయ్యి పెట్టకండి. ముందు ఇది చదవండి.

మాది అమలాపురం దగ్గర చిన్న స్టూడియో. ఇన్నాళ్లూ కెమెరానీ లైటునీ కలిపే సింక్ వైరుతోనే లాక్కొచ్చాం. మండపంలో పిల్లలు పరుగెత్తుతుంటే ఆ వైరుకి కాలు తగిలి, గొడుగుతో సహా స్టాండు పడిపోవడం మీకెవరికీ కొత్త కాదు. మాఘమాసం ముహూర్తాలు మొదలవకముందే ట్రిగ్గర్ పెట్టేద్దామని ఒక పెద్ద డీలర్ దగ్గరికి వెళ్లాం. పేరెందుకులెండి, ఇలా అమ్మేది ఆయనొక్కడే కాదు. మా కెమెరా బాడీ కేనన్ 200డి మార్క్ 2 అని ముందే చెప్పాం. "హాట్ షూ ఉంది కదండీ, ఇంకేం కావాలి" అన్నాడు. హాట్ షూ అంటే కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడి. ట్రిగ్గర్‌లో కెమెరాకి తగిలించే ట్రాన్స్‌మిటర్ ముక్కని చేత్తో పట్టుకుని టెస్ట్ బటన్ నొక్కాడు. కౌంటర్ పక్కనున్న లైటు ఠప్పుమని వెలిగింది. ఇంకోసారి నొక్కాడు, ఇంకోసారి వెలిగింది. "చూశారుగా" అని ప్యాక్ చేసి ఇచ్చేశాడు.

రాజోలు వైపు ఓణీల ఫంక్షన్‌లో దాని అసలు రంగు బయటపడింది. కెమెరాకి తగిలించి షట్టర్ నొక్కితే లైటు ఉలకదు, పలకదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం బంగారంలా వెలుగుతుంది. బ్యాటరీ మార్చాం, ఛానల్ మార్చాం, షూ తుడిచాం. సరే, లైటుకున్న స్లేవ్ సెల్ (వేరే ఫ్లాష్ మెరుపు చూసి లైటుని వెలిగించేది) ఆన్ చేసి పాపప్ ఫ్లాష్‌తో లాగుదామంటే అదీ కుదరలేదు. పాపప్ ఫ్లాష్ ఆటోలో ఉంటే ఫొటోకి ముందు ఒక చిన్న మెరుపు ఇస్తుంది. లైటు కాస్తా ఆ మెరుపుకే వెలిగిపోతుంది, అసలు ఫొటో టైముకి ఖాళీ. అవతల మేనమామ ఓణీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మళ్లీ ఆ సింక్ వైరే దిక్కు అనుకుంటే, ఆ బాడీకి సింక్ వైరు పెట్టాలన్నా షూ అడాప్టరే కావాలి, అదీ షూ మధ్య పిన్ను మీద పనిచేసేదే. పాత బాడీ బయటికి తీసి ఎలాగో గట్టెక్కాం.

సంగతేమిటంటే, కెమెరా హాట్ షూలో మధ్యన ఒక పెద్ద గుండ్రటి పిన్ను ఉంటుంది. షట్టర్ తెరుచుకోగానే "ఇప్పుడు వెలుగు" అని చెప్పేది అదే. దాని చుట్టూ ఉండే చిన్న పిన్నులు ఆయా కంపెనీల సొంత భాష. యూనివర్సల్ ట్రిగ్గర్లకి ఆ మధ్య పిన్ను ఒక్కటే తెలుసు. 200డి మార్క్ 2లో అది లేదు, నాలుగు చిన్న పిన్నులే ఉంటాయి. కేనన్ సొంత ఫ్లాష్‌లు ఆ నాలుగింటితో మాట్లాడుకుంటాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. ఒంటి పిన్ను ట్రిగ్గర్‌కి మాత్రం అది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మీ బాడీ షూ మీద ఇప్పుడే ఫోను టార్చి వేసి చూసుకోండి. నడిమధ్యన మెరిసే గుండ్రటి చుక్క కనపడకపోతే మీకు కావలసింది కేనన్ కోసమే చేసిన టీటీఎల్ ట్రిగ్గర్, అంటే ఆ చిన్న పిన్నుల భాష తెలిసినది. అందులోనూ మీ మోడల్ పేరు కంపెనీ లిస్టులో ఉందో లేదో చూడండి. కొన్ని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తేగానీ పనిచేయవు.

టెస్ట్ బటన్‌కి కెమెరాతో సంబంధమే లేదు. అది ట్రాన్స్‌మిటర్‌కీ లైటుకుండే రిసీవర్‌కీ మధ్య రేడియో ఆడుతోందని మాత్రమే చెబుతుంది. షాపువాడు తన కెమెరాకి తగిలించి చూపించినా మీకు ఒరిగేదేమీ లేదు. మీ బాడీ, మీ లైటు తీసుకెళ్లండి. బస్సులో మోసుకెళ్లడం కష్టమే, అయినా ఒక్క లైటు పట్టుకెళ్లండి.

లైటు ఎందుకంటే, అక్కడ ఇంకో తిరకాసు ఉంది. గోడాక్స్ ఎస్‌కే400 అనే స్టూడియో లైటు రెండో వెర్షన్‌లో 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ లోపలే ఉంటుంది. పాత ఎస్‌కే400కి విడిగా గుచ్చాలి. ఆ గుచ్చేవాటిలో ఎఫ్‌టీ-16 రకం 433 మెగాహెర్ట్జ్, ఎక్స్‌టీ-16 రకం 2.4 గిగాహెర్ట్జ్. రెండూ ఆ సాకెట్లోనే దూరతాయి, కానీ ఒకదాని మాట ఒకదానికి వినపడదు. ట్రిగ్గర్ డబ్బా మీద మోడల్ పేరులో చివరి అక్షరం కూడా చదవండి: సి అంటే కేనన్, ఎన్ నైకాన్, ఎస్ సోనీ, ఎఫ్ ఫుజీ. స్టాకులో ఎన్ ఉంది కదా అని అదే అంటగట్టేవాళ్లున్నారు.

మధ్య పిన్ను ఉన్న కెమెరా వాళ్లకి చవక ట్రిగ్గర్ పనికొస్తుందా అంటే, స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోలకి భేషుగ్గా పనికొస్తుంది. పెళ్లికి వద్దు. మన వైపు పెళ్లికూతురు వాళ్లదొక టీమ్, పెళ్లికొడుకు వాళ్లదొక టీమ్. ఇద్దరి దగ్గరా అదే నాలుగు ఛానళ్ల 433 రకం ఉంటే, ఛానల్ కూడా ఒకటే అయితే, అవతలివాడు క్లిక్ కొట్టినప్పుడల్లా మీ లైటు వెలిగిపోతుంది. అది మళ్లీ ఛార్జ్ అయ్యేలోపు తాళి కట్టడం అయిపోతుంది, మీ ఫొటో నల్లగా వస్తుంది. పైగా ఇవి సిగ్నల్ కాస్త ఆలస్యంగా పంపుతాయి. షట్టర్ స్పీడ్ 1/200లో తీస్తే ఫొటో అడుగున నల్ల పట్టీ పడుతుంది, 1/125కి దిగితే పోతుంది. ట్రాన్స్‌మిటర్‌లో పడే 23ఎ బ్యాటరీ, అదే కాలింగ్ బెల్ రిమోట్‌లో వేసే 12 ఓల్టులది, ముహూర్తం వేళ పల్లెటూళ్లో దొరకదు. స్పేర్ దగ్గరుంచుకోండి. సముద్రం పక్క ఊళ్లవాళ్లు పని అయ్యాక బ్యాటరీ తీసేయండి, ఉప్పు గాలికి స్ప్రింగు చిలుము పడుతుంది.

డీలర్‌కి ఫోన్ చేస్తే "మీ కెమెరాలోనే ఏదో తేడా అండి" అన్నాడు. షూ ఫొటో తీసి పంపాక "సీలు విప్పేశారుగా, వెనక్కి తీసుకోం" అన్నాడు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లు మాత్రం జీఎస్‌టీ నంబరుతో ఉండాలి, తెల్లకాగితం మీద రాసిస్తే ఒప్పుకోకండి. కొనే ముందే వాట్సాప్‌లో "నా బాడీ ఇది, నా లైటు ఇది, షట్టర్ నొక్కితే వెలుగుతుందా?" అని పెట్టి, "వెలుగుద్ది" అని ఆయన చేతే రాయించుకోండి. మాకు ఆయన ఆ మాట నోటితోనే ఇచ్చాడు, ఇప్పుడు నేనలా అన్లేదంటున్నాడు.