కోట్లిన్ వాల్యూ క్లాస్: ఒక్క విలువకే చోటున్న తొడుగు

ఒక విలువ చుట్టూ తొడిగే చిన్న క్లాస్‌లో దేన్ని నిల్వ చేయాలి, దేన్ని అడిగినప్పుడల్లా లెక్కగట్టాలి అనే విషయంలో కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని వాల్యూ క్లాస్ మనకు ఎంపికే లేకుండా చేసింది. 2018లో 1.3 వెర్షన్‌తో ఇన్‌లైన్ క్లాస్ పేరిట ప్రయోగాత్మకంగా వచ్చి, 2021లో 1.5తో స్థిరపడిన ఈ సౌకర్యంలో, ఆబ్జెక్టును తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌కు ఇచ్చిన ఒక్క ప్రాపర్టీయే నిల్వ ఉంటుంది. తక్కినవన్నీ గెటర్లు (ప్రాపర్టీని అడిగినప్పుడల్లా నడిచే చిన్న ఫంక్షన్లు) లెక్కగట్టి ఇవ్వవలసినవే. తొలిసారి అడిగినప్పుడు లెక్కగట్టి దాచిపెట్టే లేజీతో దొడ్డిదారిన దాచుకుందామన్నా, కోడ్‌ను యంత్రానికి అనువదించే కంపైలర్ ఒప్పుకోదు.

మొదట్లో ఇది చాదస్తమనిపించింది. అయితే వీలైన చోటల్లా కంపైలర్ తొడుగును తీసేసి లోపలి విలువనే నేరుగా వాడుతుంది కనుక, రెండో ఫీల్డ్ పెట్టడానికి అసలు ఆబ్జెక్టే ఉండదు. ప్రామాణిక లైబ్రరీలో కాల వ్యవధిని సూచించే డ్యూరేషన్ ఇందుకు చక్కని నమూనా: లోపల ఉన్నది ఒక్క 64 బిట్ల లాంగ్ (పూర్ణాంకం), అందులోని చివరి బిట్ ఆ సంఖ్య నానోసెకన్లలో ఉందో మిల్లీసెకన్లలో ఉందో చెబుతుంది, మనకు ప్రాపర్టీలుగా కనిపించే గంటలు, నిమిషాలు, సెకన్లు అప్పటికప్పుడు భాగహారంతో వచ్చేవే. అంత చవకైన లెక్కకు నిల్వ అక్కరలేదు.

చిక్కల్లా లెక్క ఖరీదైనప్పుడే. ఈమెయిల్ చిరునామాకు ఇలాంటి తొడుగు రాసి, @ తర్వాతి భాగమైన డొమైన్‌ను కంప్యూటెడ్ ప్రాపర్టీగా (అడిగినప్పుడల్లా గెటర్ లెక్కగట్టేదిగా) పెట్టి, జాబితాను దాని ప్రకారం సార్ట్ చేశాను. క్రమం లేని 1000 చిరునామాలకు పదివేలకు దగ్గరగా పోలికలు జరుగుతాయి, ప్రతి పోలికకూ గెటర్ రెండుసార్లు నడిచి రెండు కొత్త స్ట్రింగులను పుట్టిస్తుంది. పైగా జాబితా జెనెరిక్ (ఏ రకం విలువలనైనా పట్టేది) కావడం వల్ల ప్రతి చిరునామా బాక్స్ అయి, అంటే తొడుగు మళ్ళీ నిజమైన ఆబ్జెక్టుగా తయారై, తొడుగు తీసేయడం వల్ల కలిగే ఆదా కూడా దక్కలేదు. తప్పు నాదే, కాని చుక్క పెట్టి పిలిచే ఆ పేరు చూసి లోపల ఇంత పని జరుగుతోందని ఎవరు అనుకుంటారు? బాక్సింగ్ విషయంలో కంపైలర్ ఒక్క హెచ్చరికైనా చేయకపోవడం నాకు నచ్చని అంశం.

ఐడీలు, కొలతలు, రంగుల వంటివాటికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఈమెయిల్‌ను మాత్రం మామూలు క్లాస్‌గా మార్చి, డొమైన్‌ను ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే ఒకసారి లెక్కగట్టి ఫీల్డ్‌లో ఉంచాను. విలువ మారదు కనుక అది పాతబడే ప్రమాదమూ లేదు.