మా తరగతి గదిలో డిజిటల్ బోర్డు: మూడు విద్యా సంవత్సరాల తరువాత

వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి వెళితే వచ్చే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. పదో తరగతి గది గోడకు 75 అంగుళాల డిజిటల్ బోర్డు బిగించి మూడు విద్యా సంవత్సరాలైంది. కొత్తగా బోర్డు అందుకోబోయే బడుల ఉపాధ్యాయులు నన్ను తరచూ అడుగుతుంటారు, పనికొస్తుందా అని. వస్తుంది. కంటికి కనిపించనిదాన్ని చూపించడంలో దీనికి సాటి లేదు. అయితే తెర మీద బొమ్మ చూసే ముందు పిల్లల చేయి నిజమైన తీగనూ బల్బునూ తాకి ఉండాలి. ఈ వరుస నాకు ఒక ఏడాది పోగొట్టుకున్నాక గాని తెలియలేదు.

కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీశాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు పిల్లల ఇళ్లకు వెళ్లి చూసేవాణ్ణి. టీవీలో పాఠం సాగిపోతూ ఉండేది, పిల్లల సందేహం నోట్లోనే ఆగిపోయేది. బోర్డు వచ్చిన మొదటి ఏడాది నేను చేసింది కూడా దాదాపు అదే. పీరియడంతా వీడియోలు వేసేవాణ్ణి. గది నిశ్శబ్దంగా ఉండేది, అందరి కళ్లూ తెర మీదే. మర్నాడు ప్రశ్న వేస్తే బొమ్మలు గుర్తున్నాయి, కారణం గుర్తులేదు. ఒక అబ్బాయి అడిగిన మాట ఇప్పటికీ మరచిపోలేదు: "అది కంప్యూటర్‌లో కాబట్టి అలా వచ్చింది, నిజంగా వస్తుందా సార్?"

ఆ మాట తరువాతే పద్ధతి మార్చాను. ముందు టార్చి సెల్లు, చిన్న బల్బు, తీగముక్కలు పిల్లల చేతికిస్తాను. బల్బు వెలిగించుకున్నాక బోర్డు దగ్గరికి పిలుస్తాను. నేను ఎక్కువగా వాడేది ఫెట్ (PhET) ప్రయోగాలు, అంటే తెర మీదే మార్చి చూసుకోగల కంప్యూటర్ నమూనాలు. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రాజెక్టు ఇది. ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి.

నిరుడు 'విద్యుత్ ప్రవాహం' పాఠం జరుగుతుండగా ఒక అమ్మాయి లేచి, "ఇంట్లో బోరు మోటారు వేయగానే లైటు ఎందుకు మందగిస్తుంది సార్?" అని అడిగింది. పాఠ్యపుస్తకంలో సూటిగా లేని ప్రశ్న. తనతోనే బోర్డు మీద వలయం కట్టించాను. ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఆ బల్బుకు సమాంతరంగా తక్కువ నిరోధం ఉన్న మరో పరికరం, దానికి ఒక స్విచ్చి. తీగల నిరోధం సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు స్విచ్చి వేస్తే బల్బులో తేడా కనిపించలేదు. తీగల నిరోధం పెంచి మళ్లీ వేయమన్నాను. బల్బు వెలుగు తగ్గింది. ఎలక్ట్రాన్లను చూపే నీలి చుక్కలు బ్యాటరీ నుంచి వచ్చే తీగలో వేగంగా, బల్బు దారిలో నెమ్మదిగా కదిలాయి. మోటారు ఎక్కువ విద్యుత్తు లాగినప్పుడు వచ్చే దారిలోనే కొంత వోల్టేజీ ఖర్చవుతుందని పిల్లలే చెప్పారు. తరువాత వాడి వాడి నీరసించిన సెల్లుతో అదే వలయం బల్ల మీద కట్టాం. అక్కడా బల్బు మందగించింది. నాలుగు సూత్రాలు బట్టీ పట్టించినా రాని నమ్మకం ఆ రోజు వాళ్ల ముఖాల్లో చూశాను. ఈ ఒక్క పీరియడు కోసమైనా బోర్డును వదులుకోను.

కటకాల పాఠంలో మాత్రం బోర్డు వెనక్కి తగ్గాలి. భూతద్దంలో సగభాగాన్ని అట్టతో మూస్తే గోడ మీద కొవ్వొత్తి ప్రతిబింబం సగమే కనిపిస్తుందని దాదాపు అందరూ అనుకుంటారు. ప్రతిబింబం పూర్తిగానే ఉంటుంది, వెలుగు మాత్రమే తగ్గుతుంది. దీన్ని చీకటి గదిలో కళ్లారా చూడాల్సిందే. ఎందుకలా జరిగిందో చెప్పడానికి కిరణచిత్రాలు గీసేటప్పుడే తెర అక్కరకొస్తుంది.

భాష విషయంలో నేను ఊహించని మేలు జరిగింది. ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. ఒకే బొమ్మ మీద 'పరావర్తనం' అనీ 'రిఫ్లెక్షన్' అనీ రెండూ రాసి ఉంచితే ఇంగ్లిషు మాధ్యమానికి మారిన పిల్లల బెదురు తగ్గింది. సాంఘికశాస్త్రం చెప్పే మా సహోద్యోగి ఉపగ్రహ చిత్రాల్లో పాకాల చెరువును, చుట్టుపక్కల గొలుసుకట్టు చెరువులను చూపిస్తారు. కాకతీయుల నాటి నీటి తెలివి గురించి ఎంత చెప్పినా, తమ ఊరి చెరువును తెర మీద వేలితో తాకి గుర్తుపట్టినప్పుడు కలిగే ఉత్సాహం వేరు.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా పెద్దది సుద్దపొడి. మా బోర్డు చట్రం అంచుల నుంచి పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా ప్రసరిస్తాయి. వేలు ఏ కిరణాలకు అడ్డుపడిందో దాన్ని బట్టి తాకిన చోటు తెలుస్తుంది. అంచుల్లో పొడి పేరుకుంటే ఎవరూ తాకకుండానే గీతలు పడతాయి. రెండో ఏడాది ఇదే బాధ. మరమ్మతు కోసం ఫిర్యాదు చేసి వారాల తరబడి ఎదురుచూశాం. చివరికి తడిలేని గుడ్డతో అంచులు తుడవగానే సరిపోయింది. ఈ సంగతి బిగించిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని పాఠాలు మిగిలేవో. ఇప్పుడు సుద్దతో రాసే నల్లబల్లను ఎదుటి గోడకు మార్చాం. దాన్ని తీసేయలేదు, తీసేయను కూడా. లెక్క మొదటి నుంచి చివరిదాకా చెరగకుండా కళ్లముందు నిలిచి ఉండాలంటే నల్లబల్లే మేలు.

మధ్యాహ్నం పడమటి కిటికీ వెలుగు తెర మీద పడితే వెనక బెంచీలకు ఏమీ కనిపించదు. కిటికీకి ముదురు రంగు పరదా కుట్టించాం. కోతులు ఇంటర్నెట్ తీగను ఇప్పటికి చాలాసార్లు తెంపాయి. అందుకే పాఠానికి కావలసినవన్నీ ముందే దించి పెట్టుకుంటాను. వానాకాలంలో కరెంటు పోతే యూపీఎస్ మీద మొదట్లో పీరియడంతా నడిచేది, ఇప్పుడు అందులో సగం కూడా నిలవడం లేదు. కొత్త బ్యాటరీకి ఏ పద్దు కింద డబ్బు వస్తుందో అడిగితే స్పష్టమైన జవాబు లేదు. లక్షల విలువైన బోర్డు ఒక బ్యాటరీ కోసం పడి ఉండకూడదని ప్రతి సమావేశంలోనూ చెబుతూనే ఉన్నాను.

మీ బడికి బోర్డు వస్తుంటే, బిగించే రోజు మీరు అక్కడే ఉండండి. కిటికీ ఎదురుగా బిగించవద్దని చెప్పండి. పొట్టి పిల్లల చేయి అందే ఎత్తులో పెట్టించండి. మా దగ్గర ఎత్తు ఎక్కువైంది, ఇప్పటికీ పాఠానికి ముందు స్టూలు తెచ్చి వేయాల్సి వస్తోంది.