పోలింగ్ బూతా, కూర్మన్నపాలెం శిబిరమా?

విశాఖ జనం రాజకీయాలకు దూరమవుతున్నారంటే నేను ఒప్పుకోను. వాళ్లు తమ మాట చెప్పే దారులు రెండు: ఓటు, నిరసన శిబిరం. ఓటు అయిదు నిమిషాల పని, అందరి ఓటుకూ ఒకే విలువ. కానీ దాని తేదీ మన చేతిలో ఉండదు: 2007 తర్వాత జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలు మళ్లీ 2021లోనే జరిగాయి.

అదే ఏడాది ఫిబ్రవరిలో, విశాఖ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ వద్దంటూ, దాని దగ్గరే ఉన్న కూర్మన్నపాలెంలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. టెంటు కింద జంపఖానా మీద రిటైరైన కార్మికుడు, పక్కనే కాలేజీ కుర్రాడు. మెడలో దండలు మధ్యాహ్నానికే వాడిపోయేవి. 1966 నాటి ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ నినాదమే మళ్లీ.

ఓటు ఎవరు కావాలో చెబుతుంది, ఏం కావాలో శిబిరమే చెబుతుంది. అందుకే నా మొగ్గు శిబిరం వైపు. కాకపోతే రోజుకూలీ పని మానుకుని అక్కడ కూర్చోలేడు. అతనికి ఓటే దిక్కు.