రోమన్ నాణెమా, మిరియాల డబ్బానా: ఏది మేలు?

రోమన్ల జీవితాన్ని తెలుసుకోవడానికి నాణేలు మేలా, ఇంట్లో వాడుకున్న వస్తువులు మేలా అన్న ప్రశ్నను పరీక్షించడానికి, రెండూ ఒకే పెట్టెలో దొరికిన హాక్సన్ నిధి చక్కగా పనికివస్తుంది. 1992 నవంబరులో ఇంగ్లండులోని సఫక్ ప్రాంతంలో, ఒక రైతు పొలంలో పోగొట్టుకున్న సుత్తిని అతని స్నేహితుడు మెటల్ డిటెక్టరుతో వెతుకుతుండగా, దాదాపు 15 వేల నాణేలు, సుమారు 200 బంగారు, వెండి వస్తువులు ఉన్న ఈ నిధి బయటపడింది. (సుత్తి కూడా దొరికింది, అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.)

కాలనిర్ణయంలో నాణేనిదే పైచేయి. వీటిలో చివరివి క్రీ.శ. 407–408 నాటి రోమన్ చక్రవర్తి మూడవ కాన్‌స్టంటైన్‌వి కాబట్టి, పెట్టెను అంతకు ముందు పూడ్చి ఉండరని నిశ్చయంగా చెప్పవచ్చు. అయితే ఎన్నేళ్ల తర్వాత పూడ్చారో ఆ నాణేలు చెప్పవు. చాలా వెండి నాణేల అంచులను, చక్రవర్తి ముఖానికి దెబ్బ తగలకుండా, వెండి కోసం కత్తిరించారు; బ్రిటన్‌కు కొత్త నాణేల రాక తగ్గిపోయాక ఉన్నవాటినే చాలాకాలం చలామణీ చేశారనడానికి అది గుర్తు.

ఇక మనుషుల సంగతికి వస్తే వస్తువులదే బలం. ఒక బంగారు కంకణం మీద జూలియానా అనే ఇల్లాలి పేరు ఉంది. ఉన్నత వర్గపు స్త్రీ ఆకారంలో చేసిన వెండి మిరియాల డబ్బాకు అడుగున తిరిగే బిళ్ల ఒకటి ఉంది. దానిని ఒకవైపు తిప్పితే పొడి నింపుకోవచ్చు, మరోవైపు తిప్పితే చల్లుకోవచ్చు, ఇంకోవైపు తిప్పితే మూతపడుతుంది. మన దేశపు పడమటి తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన మిరియానికి ఆ ఇంట ఎంత విలువ ఉండేదో ఏ నాణెమూ ఇలా చూపించలేదు.

అయితే వస్తువుకు ఒక బలహీనత ఉంది. నాణెం సంతలో దొరికినా, తనను ముద్రించిన పాలకుడెవరో, చాలాసార్లు ఏ టంకశాలలో తయారైందో కూడా చెబుతుంది. చెంచాను మట్టిలోంచి ఊడబెరికితే అది సగం మూగబోతుంది. హాక్సన్‌లో నిధిని కనుగొన్న వ్యక్తి తవ్వకం ఆపి కబురు పెట్టినందువల్లనే, చెక్క చివికిపోయినా, పెట్టెలో ఏ వస్తువు పక్కన ఏది సర్ది ఉందో పురావస్తు శాస్త్రజ్ఞులు నమోదు చేయగలిగారు.

అందుచేత ఇంట్లో కూర్చొని చదువుకునేవారు నాణేలతో మొదలుపెట్టడం సులభం; తవ్వకాల నివేదికలు చదివే ఓపిక ఉన్నవారికి మాత్రం నేను మిరియాల డబ్బానే ముందు చూపిస్తాను.