సదరం, పింఛను, రాత్రి బస: తిరుపతిలో ఆరేళ్లు తిరిగాక

తిరుపతి రైల్వే స్టేషన్ బయట, ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల ఏళ్ల తరబడి రోడ్డు మీదే బతుకుతున్న దివ్యాంగులకి పింఛను ఇప్పించే పని మీద ఆరేళ్లుగా తిరుగుతున్నాను. ఈ పనిలోకి దిగాలనుకునేవాళ్లకి ముందు చెప్పేది ఒకటే: సదరం, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, దాని దగ్గర మొదలుపెట్టొద్దు. నేను రెండేళ్లు ఆ తప్పే చేశాను.

సదరం స్లాట్‌కి ఆధార్ అడుగుతారు, పింఛనుకి రైస్ కార్డు అడుగుతారు, అన్నిటికీ చిరునామా అడుగుతారు. ఫుట్‌పాత్‌కి డోర్ నంబరు ఎక్కడిది? అందుకే ఇప్పుడు మనిషిని ముందు పట్టణ నిరాశ్రయుల వసతి గృహంలో చేర్పిస్తున్నాను. గుర్తింపు ఉన్న వసతి గృహం నిర్వాహకుడు ఆధార్ వాళ్ల నమూనా పత్రంలో సంతకం పెడితే అదే చిరునామా రుజువు. ఇది తెలియక పోగొట్టిన నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఒక పెద్దాయన ఉన్నాడు. కాళ్లు రెండూ చచ్చుబడి, చేతుల మీద పాకుతూ తిరిగేవాడు. ఆధార్ ఎప్పుడో తీసుకున్నాడు, కార్డు పోయింది, నంబరు గుర్తు లేదు. కొత్తగా నమోదు చేయిస్తే పాతది ఉందని తిరస్కరించారు. పాతది తీద్దామంటే వేలిముద్ర పడదు. చేతులు తిప్పి చూశాను. తారు రోడ్డు మీద పాకి పాకి వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయి, గీతన్నదే లేదు. ఒక కేంద్రంలో మూడుసార్లు తిప్పి పంపారు. వేరే కేంద్రానికి తీసుకుపోతే అక్కడి అమ్మాయి కనుపాపలు స్కాన్ చేసింది, నిమిషంలో దొరికింది. ప్రింటు మీది పాత ఫోటో చూసి "ఇది నేనేనా సామీ?" అని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం వైకల్యం ఉండాలి. కాలో చెయ్యో అయితే డాక్టర్లకి కళ్లకి కనబడుతుంది. మానసిక వ్యాధి ఉన్నవాళ్లతోనే కష్టం. తన పని తాను చేసుకోగలడా, మనుషులతో ఎలా ఉంటాడు, మాట కలుస్తుందా, పని చేయగలడా, ఎన్నేళ్లుగా ఇలా ఉంది, వీటికి మార్కులు వేస్తారు. చెప్పడానికి పక్కన ఇంటివాళ్లు ఉండరు. పరీక్ష రోజు చక్కగా మాట్లాడితే వైకల్యం మార్కులు తగ్గుతాయి. అందుకని నాలుగు వారాలు ముందునుంచే రోజూ రాసిపెడతాను: తిన్నాడా, స్నానం చేశాడా, ఎవరిని చూసి భయపడ్డాడు. రుయా ఆసుపత్రిలో రాసిన మందుల చీటీలు కూడా దానికి పిన్ను చేస్తాను. ఆ కాగితాలు ఉన్న చోట డాక్టర్ల బోర్డు నాకెప్పుడూ అన్యాయం చేయలేదు.

2024 జులై నుంచి పింఛను 3,000 కాదు, 6,000. మంచానికే పరిమితమైన పక్షవాతం వాళ్లకి 15,000. మంజూరుకి మాత్రం నెలలు పడుతుంది. 2025లో మళ్లీ తనిఖీలు పెట్టారు, కాబట్టి సర్టిఫికెట్ నకళ్లు నాలుగు తీసి ఉంచండి. ఒకటో తేదీకి మనిషి దొరక్కపోతే కంగారు పడకండి. రెండు నెలలు తప్పినా మూడో నెలలో కలిపి ఇస్తారు. మూడు నెలలు తప్పితే వలస పోయాడని రాసేస్తారు. తిరుగుడు అలవాటైన మనుషులతో ఇదే నా దిగులు.

వసతి గృహం మీద నాకు సగం నమ్మకమే. పడక ఉంది, తాళం వేసుకునే పెట్టె ఉంది, ర్యాంపు లేదు. పెద్దాయన్ని ఇప్పటికీ ఇద్దరం పట్టుకుని నాలుగు మెట్లు ఎక్కిస్తున్నాం. పోయిన సోమవారం ర్యాంపు కోసం మూడో అర్జీ ఇచ్చి వచ్చాను.