లంబసింగి, వంజంగి, పాడేరు: లాప్‌టాప్‌తో వెళ్లేవాళ్లకు

చలికాలంలో ఏజెన్సీలో ఉంటూ ఆఫీసు పని కూడా చేసుకుందామనుకుంటే, అద్దె సంగతి తర్వాత. జనరేటర్ ఎప్పుడు ఆపుతారు, మీ సిమ్ అక్కడ పనిచేస్తుందా అన్నవి ముందు అడగండి.

లంబసింగిలో మేం దిగిన టెంట్ల దగ్గర "చార్జింగ్ ఉంటుంది సార్" అన్నారు. అబద్ధం కాదు, ఉంది. భోజనాల షెడ్డులో ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని చుట్టూ కుప్పగా ఫోన్లు. చీకటి పడ్డాక జనరేటర్ వేసి పదింటికి ఆపేశారు. దాని వోల్టేజీ ఎలా ఉందో బల్బుల వెలుగు చూస్తేనే తెలుస్తోంది. అందుకే పవర్ బ్యాంకును దానికి పెట్టి, లాప్‌టాప్‌కు పవర్ బ్యాంకు నుంచి ఎక్కించుకున్నాను. పోతే పవర్ బ్యాంకే పోతుంది కదా! బొంగు చికెన్ మాత్రం చెప్పిన టైముకే వచ్చింది, బాగుంది కూడా.

పవర్ బ్యాంకు డబ్బా మీద ఉండే 20,000 ఎంఏహెచ్ లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 74 వాట్-అవర్లు. మార్పిడిలో పోయింది పోగా లాప్‌టాప్‌కు చేరేది 60 దాకా. స్క్రీన్ వెలుతురు తగ్గించి రాసుకునే పనికి నా లాప్‌టాప్ గంటకు పది వాట్-అవర్లు తాగుతుంది. వీడియో కాల్ మొదలైతే రెట్టింపు. టైప్-సి పీడీలో (పవర్ డెలివరీ, లాప్‌టాప్‌కూ సరిపడే ఫాస్ట్ చార్జింగ్) కనీసం 45 వాట్లు ఇచ్చేదే కొనండి, 18 వాట్లవి ఫోన్లకే. విశాఖ దాకా విమానంలో వచ్చేవాళ్లు దాన్ని చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

మడత సోలార్ ప్యానెల్ ఇక్కడ దండగ. డిసెంబరులో మంచు విడేసరికే బాగా పొద్దెక్కుతుంది. సొంత కారుంటే 12 వోల్టుల సాకెట్‌కు పెట్టే పీడీ చార్జర్ మేలు. కారు ఇన్వర్టరైతే 230 వోల్టులకు పెంచడం, అడాప్టర్ మళ్లీ 20కి దించడం, మధ్యలో కరెంటంతా వేడికే.

కరెంటు మోసుకెళ్లొచ్చు, సిగ్నల్ మోసుకెళ్లలేం. 2023లో ఏజెన్సీలో ఒకేసారి పదుల సంఖ్యలో 4జీ టవర్లు ప్రారంభించాక పరిస్థితి మెరుగైంది కానీ, కొండ అడ్డొస్తే అంతే. వంజంగిలో టెంట్లో ఒక గీత, కాస్త పైకెళితే మూడు. ఫోన్‌ను ఎత్తులో పెట్టి, ఎక్కువ దూరం అందేలా హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చి, కింద కూర్చుని పని కానిచ్చాను. వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండుంటే టెన్షన్ తగ్గుతుంది.

పని రోజుల్లో నా ఓటు పాడేరుకే. లాడ్జీలో ఇన్వర్టర్ ఉందనగానే సంతోషించకండి, చాలాచోట్ల దానికి ఫ్యాను, లైటే కలిపి ఉంటాయి. ప్లగ్ పాయింట్ కూడా ఆ లైన్లో ఉందో లేదో గదిలోనే చూసుకోండి. అక్కణ్నుంచి తెల్లారకముందే వంజంగి వెళ్లి, మేఘాలు చూసి, ఆఫీసు టైముకు వచ్చేయొచ్చు. లంబసింగి టెంటు శనివారం రాత్రికి పెట్టుకోండి, రేటు ఆ రోజే ఎక్కువైనా సరే.