థీసిస్ ఎడిటింగ్ సెంటర్: సైన్స్ వాళ్లు నిశ్చింతగా ఇవ్వచ్చు, చరిత్ర వాళ్లు ముందే చెప్పి ఇవ్వండి

మా యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న ఎడిటింగ్ సెంటర్‌లో మా చెల్లి మైక్రోబయాలజీ థీసిస్, నా చరిత్ర థీసిస్ రెండూ ఇచ్చాం. పేజీకింత అని తీసుకుంటారు. ఏ సబ్జెక్టయినా ఒకటే రేటు.

చెల్లి పనికి ఐదు స్టార్లూ ఇస్తాను. ‘కల్చర్‌ను రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచాం’ అని తను రాసిన చోట, ‘ఎన్ని గంటలు? ఎంత ఉష్ణోగ్రత?’ అని మార్జిన్‌లో అడిగారు. తను ల్యాబ్ నోట్‌బుక్ తీసి 37 డిగ్రీలు, 18 గంటలు అని చేర్చింది. ఇంకో ల్యాబ్‌లో అదే ప్రయోగం చేసి చూడాలంటే ఆ అంకెలే కావాలి మరి. ఫలితాల అధ్యాయంలోకి జారిపోయిన ‘ఇలా ఎందుకు జరిగి ఉంటుంది’ అన్న వాక్యాలన్నీ ఏరి చర్చ అధ్యాయంలోకి పంపారు. ఇప్పుడు చదువుతుంటే ఎక్కడా తడుముకోనక్కర్లేదు.

అదే కత్తెర నా అధ్యాయం మీదా పెట్టారు. నాకు బాధ అక్కడే. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం నా అధ్యాయానికి ఆయువుపట్టు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీదికి వెళ్లేవాళ్ల దగ్గర తాను సుంకం మాత్రం తీసుకుని మిగతాదంతా వదిలేస్తున్నానంటాడు రాజు. అదీ దయతో, కీర్తి కోసం, ధర్మం కోసమని. ఆ భాగం మొత్తం ఎత్తి రాశాను. వాళ్లు అదంతా కొట్టేసి ‘గణపతిదేవుడు వర్తకులకు రక్షణ కల్పించాడు’ అని ఒక్క వాక్యం పెట్టారు.

అందులో తప్పేమీ లేదు. కానీ నా వాదనంతా రాజు తన పనికి ఏ కారణం చెప్పుకున్నాడు, సుంకం మాట ఎంత తేలిగ్గా అనేసి ముందుకెళ్లాడు అన్నదాని మీదే నడుస్తుంది. చెల్లికి కొలతలెంతో నాకు ఆ మాటలంత. అవి తీసేస్తే, నాతో విభేదించాలనుకున్నవాళ్లకు కూడా చేతిలో ఏమీ మిగలదు.

ఫుట్‌నోట్లు కూడా తీసేసి చివర్లో నంబర్ల జాబితా చేశారు. శాసనపాఠం ఎపిగ్రాఫియా ఇండికా (శాసనాలను అచ్చువేసే సంపుటాలు) 12వ సంపుటంలోది అని చెప్పి, మిగతా చరిత్రకారులతో నాకు ఎక్కడ పేచీయో కూడా ఆ ఫుట్‌నోట్లలోనే రాశాను. ఆ పేచీ ఒక నంబరులో ఎలా పడుతుంది? ‘నా ఉద్దేశంలో’ అన్నచోటల్లా ‘భావించబడుతోంది’ అని మార్చారు. ఎవరు భావిస్తున్నట్టు?

ప్రతి మార్పూ విడిగా కనిపించేలా ట్రాక్ చేంజెస్‌లో ఇచ్చారు కాబట్టి అన్నీ వెనక్కి తెచ్చుకోగలిగాను. అయినా సబ్మిషన్ టెన్షన్‌లో అదో అదనపు పని. ఓనర్ గారు మాత్రం ఓపిగ్గా విన్నారు. తమ దగ్గర థీసిస్‌లు చదివి దిద్దేవాళ్లంతా సైన్స్ వాళ్లేనని దాచకుండా చెప్పి, ఫుట్‌నోట్లు ఫ్రీగా సరిచేయించి ఇచ్చారు.

చరిత్ర, సాహిత్యం వాళ్లు ఇచ్చేటప్పుడు ‘స్పెల్లింగ్, గ్రామర్ వరకే చూడండి, కొటేషన్లూ ఫుట్‌నోట్లూ ముట్టుకోవద్దు’ అని కాగితం మీద రాసివ్వండి. అక్షరదోషాలైతే ఒక్కటీ వదలరు. నా థీసిస్ వరకు రెండున్నర స్టార్లు.